అప్‌డేట్: ప్రొపెల్లర్‌కి చివరికి సిలికాన్ పూతే వేశాను

తెరచాప పడవ ప్రొపెల్లర్‌కి నాచు, బార్నకిల్స్ (గట్టిగా అతుక్కుపోయే చిన్న పెంకు జీవులు) పట్టకుండా ఏం పూయాలని అడిగాను కదా, జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. రాగి పెయింటా, సిలికాన్ పూతా అని చాలా ఆలోచించి సిలికాన్ వైపే వెళ్లాను, ఎందుకంటే నాది సెయిల్‌డ్రైవ్, అంటే ఇంజిన్ నుంచి పడవ అడుగు గుండా నీళ్లలోకి దిగే కాలు లాంటి భాగానికి (లెగ్) ప్రొపెల్లర్ ఉంటుంది. ఆ లెగ్ అల్యూమినియం, రాగి పెయింట్ దానికి తగిలితే ఉప్పునీళ్లలో అల్యూమినియం తినుకుపోతుంది.

అసలు కష్టమంతా ముందు పనిలోనే ఉంది. పాత పెయింట్ తీసేసి, ప్రొపెల్లర్ కంచు మెరిసేదాకా ఉప్పు కాగితంతో రుద్ది, సాల్వెంట్‌తో తుడిచి, ఇక వేలు కూడా తగలనివ్వకుండా ప్రైమర్ (పై పూత పట్టుకోవడానికి వేసే మొదటి పొర) కొట్టి, డబ్బా మీద చెప్పిన టైములోపే పై పూత వేసేయాలి. జింక్ ఆనోడ్‌కి (మిగతా లోహం బదులు తానే తినుకుపోయే జింక్ ముక్క) మాత్రం ఏదీ అంటనివ్వకండి, పూత పడితే అది పనిచేయదు.

ఈ సీజన్ అయ్యాక పడవ పైకి తీస్తే రెక్కల మీద పల్చటి జిగురు పొర, హబ్ (రెక్కలు కలిసే మధ్య భాగం) దగ్గర కొన్ని చిన్న బార్నకిల్స్, అంతే! ఎంత సంతోషమేసిందో. ఈ పూతలో విషం లేదు, జారుడుగా ఉండటం వల్ల నాచుకీ బార్నకిల్స్‌కీ పట్టు దొరకదు, ప్రొపెల్లర్ తిరిగినప్పుడు రాలిపోతాయి. అందుకే పడవ నెలల తరబడి కదలనివాళ్లకి నేనైతే దీన్ని చెప్పను. శుభ్రం చేయడానికి మెత్తటి గుడ్డ చాలు, స్క్రేపర్ పెడితే పూత లేచిపోతుంది.