ఐదు నెలలు మూతపడిన యంత్రశాలను మహమ్మారి మధ్యలో తెరవడం: బీమా ఎంతవరకు ఆదుకుంటుంది?

ప్రశ్న – యంత్రశాల నిర్వాహకుడు

అందరికీ నమస్కారం. మాది 42 మంది పనిచేసే యంత్రభాగాల తయారీ శాల. కోవిడ్ కారణంగా ఐదు నెలలుగా మూతపడి ఉంది. వచ్చే నెల మొదటి వారంలో సగం సగం మందితో రెండు షిఫ్టులుగా తిరిగి తెరవాలనుకుంటున్నాము. కట్టడానికీ యంత్రాలకూ అగ్ని బీమా, దానికి అనుబంధంగా వ్యాపార అంతరాయ బీమా ఉన్నాయి. పనివారికి గాయం గానీ వృత్తి సంబంధమైన వ్యాధి గానీ కలిగితే పరిహారం చెల్లించడానికి యజమాని బాధ్యతా బీమా కూడా ఉంది. ప్రీమియం ఒక్క విడత కూడా ఆపలేదు గనుక అన్నీ అమలులోనే ఉన్నాయని నా నమ్మకం.

మొన్న తాళం తీసి లోపలికి వెళ్లి చూశాను. చేతులు కడుక్కునే చోట కుళాయి తిప్పితే ముందు గాలి బుసకొట్టింది, ఆ తరువాత తుప్పు రంగు నీళ్లు వచ్చాయి. లేత్ యంత్రం కింద తొట్టిలో మిగిలిపోయిన కూలెంట్ (కోత వేళ చల్లబరిచే ద్రవం) కుళ్లిన వాసన వేస్తోంది. అవి శుభ్రం చేయించుకోగలను. నాకు నిద్ర పట్టనివ్వని సంగతులు వేరే ఉన్నాయి. తెరిచాక పనివారిలో ఎవరికైనా కోవిడ్ సోకి, అది ఇక్కడే అంటుకుందని వారు అంటే బాధ్యతా బీమా వర్తిస్తుందా? ఒకరిద్దరికి సోకి మళ్లీ రెండు వారాలు మూసుకోవలసి వస్తే అంతరాయ బీమా కింద నష్టం రాబట్టుకోగలమా? "వైరస్ సోకితే యాజమాన్యానికి బాధ్యత లేదు" అని అందరిచేతా కాగితం మీద సంతకం పెట్టించుకుంటే చాలునని మా భాగస్వామి అంటున్నారు. తెరుస్తున్న సంగతి బీమా కంపెనీకి చెబితే ప్రీమియం పెంచుతారేమోనన్నది ఆయనకున్న మరో భయం.

ఏర్పాట్ల విషయానికి వస్తే, శానిటైజర్ 200 లీటర్లు ముందే తెప్పించి వెల్డింగ్ గదిని ఆనుకుని ఉన్న సామాన్ల గదిలో భద్రపరిచాము. మాస్కులు కొన్నాము. యంత్రాల మధ్య ప్లాస్టిక్ తెరలు కట్టిస్తున్నాము. ఇంకా ఏమేమి చూసుకోవాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు – బీమా బ్రోకర్

మీ ప్రశ్నలలో చివరి దానితో మొదలుపెడతాను, ఎందుకంటే మిగిలినవన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి. బీమా కంపెనీకి తప్పక చెప్పాలి. నిజానికి ఐదు నెలల క్రితం మూసిన వారంలోనే చెప్పి ఉండవలసింది. ఆస్తి బీమా పాలసీలు చాలావాటిలో ఖాళీగా ఉన్న కట్టడాల గురించి ఒక షరతు ఉంటుంది. వరుసగా 30 రోజులో 60 రోజులో కట్టడం వాడకంలో లేకపోతే దొంగతనం, నీటి గొట్టాలు పగలడం, అల్లరిమూకల విధ్వంసం వంటి నష్టాలకు రక్షణ తగ్గిపోతుంది, కొన్నిటికి పూర్తిగా ఆగిపోతుంది. ప్రీమియం కట్టినంత మాత్రాన ఈ షరతు పక్కకు తప్పుకోదు. లాక్‌డౌన్ కాలంలో కొన్ని కంపెనీలు ఈ గడువును సడలించాయి; మీ కంపెనీ అలా సడలించి ఉంటే ఆ లేఖ మీ దగ్గర ఉండాలి. నోటిమాటగా ఎవరో "ఫరవాలేదండీ" అన్నది క్లెయిమ్ రోజున అక్కరకు రాదు.

తెరిచేటప్పుడు చెప్పవలసినవి కూడా ఉన్నాయి. ఒక షిఫ్టు రెండు షిఫ్టులు కావడం, రాత్రి పని మొదలవడం, లోపల మండే ద్రవం నిల్వ ఉండడం, ప్లాస్టిక్ తెరలు మంటలార్పే స్ప్రింక్లర్ల నీటికి అడ్డుపడే అవకాశం ఉండడం, ఇవన్నీ పాలసీ రాసిన నాటికి లేని మార్పులు. కంపెనీ ఒప్పుకున్నది ఆనాటి యంత్రశాలకు, రేపు మీరు తెరవబోయేదానికి కాదు. ప్రీమియం గురించి మీ భాగస్వామి భయం మాత్రం తలకిందులుగా ఉంది. యజమాని బాధ్యతా బీమా ప్రీమియం సాధారణంగా మీరు ముందుగా అంచనా వేసి చెప్పిన జీతాల మొత్తం మీద లెక్కకడతారు. ఐదు నెలలు ఉత్పత్తి లేదు కాబట్టి, ఆ కాలంలో మీరు చెల్లించిన జీతాలు అంచనా కంటే తగ్గి ఉంటే, అసలు లెక్కలు ఇచ్చి సర్దుబాటు అడిగితే మీకే కొంత తిరిగి రావచ్చు.

అంతరాయ బీమా దగ్గర మాత్రం ఆశలు తగ్గించుకోమంటాను. అది అగ్ని బీమాకు అనుబంధం గనుక, దాని మూల సూత్రం ఆస్తికి భౌతిక నష్టం జరగడం. మంట అంటుకుని యంత్రాలు కాలితే, అవి తిరిగి నడిచేదాకా పోయిన ఆదాయాన్ని అది భర్తీ చేస్తుంది. వైరస్ యంత్రాన్ని కాల్చదు. 2003 నాటి సార్స్ తరువాత ఎన్నో కంపెనీలు వైరస్ నష్టాలను మినహాయిస్తూ వాక్యాలు చేర్చుకున్నాయి. అమెరికాలో అలాంటి ప్రామాణిక మినహాయింపు 2006లోనే వచ్చింది. బ్రిటన్‌లో వేరేలా జరిగింది. అక్కడ కొన్ని పాలసీలలో చుట్టుపక్కల 25 మైళ్ల పరిధిలో అంటువ్యాధి కనబడితే వర్తించే క్లాజులు, అధికారుల ఆంక్షల వల్ల ప్రాంగణంలోకి ప్రవేశం లేకపోతే వర్తించే క్లాజులు ఉండేవి. వాటి మీద నడిచిన వ్యాజ్యంలో 2021 జనవరి 15న సుప్రీంకోర్టు ఎక్కువ భాగం పాలసీదారుల పక్షాన తీర్పు చెప్పింది. ఆ తీర్పు చూసి అందరికీ డబ్బు వస్తుందనుకోవడం పొరపాటు. అక్కడ గెలిచినవి ఆ పాలసీలలోని ఆ ప్రత్యేక వాక్యాలు. మీ పాలసీలో అంటువ్యాధి క్లాజు ఉందో లేదో, ఉంటే పేరుపేరునా రాసిన వ్యాధులకే పరిమితమో, అధికారుల ఉత్తర్వు లేకుండా మీరే మూసుకుంటే వర్తిస్తుందో లేదో చదవండి. మూతపడి ఉన్న కాలంలో పాలసీ రెన్యువల్ అయి ఉంటే పాత కాగితం చదివి లాభం లేదు. 2020 నుంచి రెన్యువల్‌లలో అంటువ్యాధుల మినహాయింపును కొత్తగా చేర్చడం మామూలైపోయింది.

ఇక్కడే ఎవరూ పట్టించుకోని మెలిక ఒకటి ఉంది. తెరిచిన మూడో నెలలో నిజంగానే అగ్నిప్రమాదం జరిగిందనుకుందాం. పోయిన ఆదాయాన్ని సాధారణంగా అంతకుముందు 12 నెలల అమ్మకాలతో పోల్చి లెక్కిస్తారు. మీ 12 నెలలలో ఐదు సున్నాలు! వ్యాపార పరిస్థితులను బట్టి ఆ అంకెను సవరించే వీలు కల్పించే క్లాజు మీ పాలసీలో ఉందో లేదో ఇప్పుడే చూసుకోవాలి.

బాధ్యతా బీమా విషయంలో, పనివారికి సోకిన వ్యాధి పని వల్లనే సోకిందని తేలాలి. ఊరంతా వ్యాపించిన వైరస్ విషయంలో అది తేల్చడం కష్టం. కొన్ని చోట్ల చట్టమే ఆ భారాన్ని తిప్పింది. ఉదాహరణకు కాలిఫోర్నియాలో 2020 సెప్టెంబరులో వచ్చి 2023 చివరిదాకా అమలులో ఉన్న చట్టం ప్రకారం, ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉద్యోగులుండి, 100 మందికి మించని పనిచోట 14 రోజులలో నలుగురికి సోకితే, తప్పని రుజువయ్యేదాకా అది పనిలోనే సోకినట్లు భావించేవారు. మీకు వర్తించే చట్టం ఏదో స్థానికంగా తెలుసుకోండి. క్లెయిమ్ నిలబడకపోయినా, దానిని ఎదుర్కొనడానికి అయ్యే న్యాయ ఖర్చులు పాలసీలో భాగంగా ఉంటే అదే పెద్ద ఊరట.

జవాబు – భద్రతా ఇంజనీరు

బ్రోకర్ గారు చెప్పినవి చదివే ముందే, ఆ శానిటైజర్ డబ్బాలను ఈరోజే వెల్డింగ్ గది పక్క నుంచి తీయించండి. 70 శాతం ఇథనాల్ ఉన్న ద్రవం దాదాపు 17 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మంటను అందుకునేటంత ఆవిరిని వదులుతుంది. ఆ ఆవిరి గాలికంటే బరువైనది కాబట్టి నేల వెంట పాకి తలుపు కింది సందులోంచి పక్క గదిలోకి వెళ్తుంది. అక్కడ వెల్డింగ్ రవ్వలు పడుతుంటాయి. నిల్వ వేరుగా, గాలి ఆడే చోట ఉండాలి. పని స్థలంలో ఆ షిఫ్టుకు సరిపడే చిన్న సీసాలు మాత్రమే ఉంచాలి. కోవిడ్‌కు భయపడి అగ్నిప్రమాదాన్ని ఇంట్లోకి పిలిచినట్లయింది మీ పని. నొప్పించడానికి అనడం లేదు, ఇలా ఇప్పటికి మూడు చోట్ల చూశాను.

ఆ తుప్పు నీళ్ల విషయాన్ని కూడా తేలికగా తీసుకోకండి. నిలిచిపోయిన నీటిలో 20 నుంచి 45 డిగ్రీల మధ్య లెజియొనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది. అది నీటి తుంపరల ద్వారా ఊపిరితిత్తులలోకి చేరి తీవ్రమైన న్యుమోనియా తెస్తుంది. దాని దగ్గు, జ్వరం చూసి అందరూ కోవిడే అనుకుంటారు. పైగా కోవిడ్ ఎక్కడ సోకిందో తేల్చడం కష్టం గానీ, నీటి నమూనా పరీక్షిస్తే లెజియొనెల్లా మీ గొట్టాలలోనిదేనని తేల్చడం అంత కష్టం కాదు. అంటే బాధ్యత నేరుగా మీ మెడకే చుట్టుకుంటుంది. ట్యాంకు కడిగించి, ప్రతి కుళాయినీ తుంపరలు లేవకుండా నెమ్మదిగా తెరిచి, చివరి మూల వరకు కొత్త నీరు వచ్చేదాకా వదిలించాలి. వేడి నీటి ట్యాంకు ఉంటే 60 డిగ్రీలకు తేవాలి. కూలింగ్ టవర్ ఉన్నట్లయితే అది నిపుణుల పని, మీ మనుషులను ఎక్కించకండి.

యంత్రాలను ఒకేరోజు స్విచ్ వేసి లేపకండి. తేమ పట్టిన మోటారు వైండింగ్‌ను (లోపలి తీగచుట్టను) మెగ్గర్ అనే ఇన్సులేషన్ పరీక్షా పరికరంతో చూశాకే కరెంటు ఇవ్వాలి. ఎలుకలు కొరికిన కేబుళ్లు, కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీరు, ఆపి ఉంచిన ఫైర్ పంపు, వీటిని ముందు చూడండి. బరువులెత్తే హాయిస్టుకూ, పీడన పాత్రలకూ నిర్ణీత కాలానికోసారి చేయించవలసిన తనిఖీ గడువు ఈ ఐదు నెలలలోనే దాటిపోయి ఉండవచ్చు; గడువు దాటిన హాయిస్టు మీద జరిగిన ప్రమాదంలో బీమా కంపెనీ అడిగే మొదటి కాగితం ఆ తనిఖీ పత్రమే.

ఇక వైరస్. మాస్కులు, తెరలు చివరి వరుస రక్షణలు, మొదటిది గాలి. లోపల ఒక కార్బన్ డయాక్సైడ్ మీటరు పెట్టండి. బయటి గాలిలో అది 400 పీపీఎం (పది లక్షల భాగాలలో 400) పైచిలుకు చూపుతుంది. లోపల 800 దాటుతూ ఉంటే మనుషులు విడిచిన గాలినే మళ్లీ పీలుస్తున్నారని అర్థం. నిలువెత్తు ప్లాస్టిక్ తెరలు ఒక్కోసారి గాలిని కదలనివ్వకుండా మూలల్లో నిలబెడతాయి కూడా. నా అనుభవంలో అంటుకునే చోటు యంత్రం దగ్గర కాదు, అందరూ మాస్కు తీసి కూర్చునే భోజనాల గది. అక్కడ వేళలు విడగొట్టండి. జ్వరం వచ్చినవాడికి ఆ రోజు జీతం పోతుందంటే వాడు మాత్ర వేసుకుని పనిలోకి వస్తాడు, మీ గేటు దగ్గరి థర్మామీటరు అతన్ని పట్టుకోదు. జీతంతో కూడిన సెలవు కంటే బలమైన జాగ్రత్త నాకు కనబడలేదు.

జాగ్రత్తలే కొత్త ప్రమాదాలు తెస్తాయన్నది కూడా గుర్తుంచుకోండి. మాస్కు వల్ల కళ్లజోడు మసకబారుతుంది, తల వెనుక కట్టే తాళ్లు లేత్‌లో లోహపు ముక్కను పట్టి తిప్పే చక్‌కు చుట్టుకోవచ్చు. దూరం పాటించాలని చెప్పి ఇద్దరు ఎత్తవలసిన బరువును ఒక్కరికే అప్పగిస్తే నడుము విరుగుతుంది. బ్లీచింగ్ ద్రావణాన్ని మరుగుదొడ్ల యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ విషవాయువు వస్తుంది. పైగా ఐదు నెలల విరామం తరువాత చేతులకు పాత ఒడుపు ఉండదు, మొదటి వారం ఉత్పత్తి లక్ష్యాలు పెట్టకండి.

జవాబు – కార్మిక చట్టాల న్యాయవాది

సంతకాల కాగితం గురించి మాత్రమే చెబుతాను. పనిలో కలిగే గాయానికీ వ్యాధికీ పరిహారం పొందే హక్కును ఉద్యోగి ముందుగానే వదులుకున్నట్లు రాయించుకుంటే, చాలా దేశాల చట్టాలలో అది చెల్లదు. చెల్లకపోవడంతో ఆగిపోదు: ముప్పు ఉన్నదని యాజమాన్యానికి ముందే తెలుసునని రుజువు చేయడానికి ఎదుటి పక్షం అదే కాగితాన్ని కోర్టులో చూపిస్తుంది. దాని బదులు ఏ తేదీన ఏ జాగ్రత్తలు నేర్పారో, ఎవరు హాజరయ్యారో రాసి సంతకాలు తీసుకోండి.

ఎవరికైనా సోకినప్పుడు వాట్సాప్ గ్రూపులో "మన దగ్గరే సోకింది, తప్పు మాదే" అని పెట్టే యజమానులను చూశాను. ఆ మంచితనాన్ని నేను తప్పుపట్టను. అయితే కంపెనీ అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోకూడదన్న షరతు బాధ్యతా పాలసీలలో దాదాపు ఎప్పుడూ ఉంటుంది, దానిని మీరినట్లవుతుంది. పరామర్శించండి, సహాయం చేయండి, సంఘటనను పాలసీలో చెప్పిన గడువులోగా కంపెనీకి తెలియజేయండి; ఎవరి వల్ల అన్నది రాయకండి. జ్వరం రికార్డులు వైద్య సమాచారం కిందికి వస్తాయి కాబట్టి హాజరు పట్టీతో కలపకుండా వేరుగా, తాళంలో ఉంచండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ ధన్యవాదాలు. డబ్బాలు నిన్ననే బయటి షెడ్డుకు మార్పించాను. పాలసీ తీసి చూస్తే ఖాళీ కట్టడాల క్లాజు ఉంది, గడువు 30 రోజులు. సడలింపు లేఖ ఏదీ మాకు రాలేదు. అంటే నాలుగు నెలలపాటు దొంగ వచ్చి ఉంటే మాకు దిక్కు లేనట్లే. వ్యాపార అంతరాయం కింద అంటువ్యాధుల మినహాయింపు కూడా స్పష్టంగా రాసి ఉంది. సంతకాల కాగితం ఆలోచన మానుకున్నాము. మార్పులన్నీ రాసి కంపెనీకి లేఖ పంపితే, తెరవకముందే శాలను పరిశీలించడానికి తమ సర్వేయర్‌ను పంపుతామన్నారు. హాయిస్టు తనిఖీ గడువు దాటి రెండు నెలలైంది, దాని కోసం తెరవడాన్ని పది రోజులు వాయిదా వేశాము. ఒక్క సందేహం: వెల్డింగ్ పని చేసేవారు ఇద్దరు మా ఉద్యోగులు కారు, కాంట్రాక్టరు మనుషులు. వారి సంగతి ఏమిటి?

జవాబు – బీమా బ్రోకర్

కాంట్రాక్టరు పాలసీ నకలు అడిగి, గడువు తేదీ, అందులో రాసిన పని వివరణ చూడండి. చాలామంది ప్రీమియం కట్టలేక ఈ కాలంలో వదిలేశారు. వారి పాలసీ లేకపోతే పరిహారం మీ మీదికి వచ్చే అవకాశం ఉంది గనుక, ఆ ఇద్దరినీ మీ బాధ్యతా పాలసీలో చూపించమని రాతపూర్వకంగా అడగండి. సర్వేయర్ వచ్చినప్పుడు హాయిస్టు పత్రం, నీటి శుభ్రత రికార్డు, శానిటైజర్ మార్చిన చోటి ఫోటో సిద్ధంగా ఉంచండి. ఆయన చెప్పే సూచనలను గడువు తేదీలతో సహా కాగితం మీదే తీసుకోండి. ఒప్పుకుని పూర్తి చేయని సూచన ఏదైనా మిగిలిపోతే, రేపటి క్లెయిమ్‌లో ముందుగా బయటికి వచ్చేది అదే.