పంట కాపలాకి తుపాకీ లైసెన్సు సులభం చెయ్యాలా, వద్దా?

ఉదయగిరి మెట్ట రైతు:
మా వైపు వేరుశనగలో కాయ గట్టిపడే వేళకి కొండ మీద నుంచి అడవి పందులు దిగుతాయి. గుంపుగా వచ్చి ముట్టెతో సాళ్లన్నీ తవ్వేస్తాయి. తెల్లారి పోయి చూస్తే చెట్లు వేర్లు పైకి లేచి పడుంటాయి, నమిలి ఊసిన పొట్టు తప్ప కాయ కనపడదు. చేను చుట్టూ పాత చీరలు కట్టాం, మంచె వేసి రాత్రంతా డబ్బా కొట్టాం, టపాసులు కాల్చాం. కొన్నాళ్లు బెదిరాయి. ఆ తర్వాత అదే చీర కింద నుంచి దూరి వస్తున్నాయి.

1959 ఆయుధాల చట్టంలోనే పంట కాపలాకి మూతి నుంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇవ్వొచ్చని రాసుంది. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితే, గొట్టం లోపల నున్నగా ఉండి, 20 అంగుళాలకు తగ్గని వేరే తుపాకీకి కూడా ఇవ్వొచ్చు. 2019లో ఆ చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే అంతకుముందు కనీసం ఏడాది, ఎక్కువలో ఎక్కువ మూడేళ్లు. ఇప్పుడు కనీసం రెండేళ్లు, అయిదేళ్ల దాకా వెయ్యొచ్చు. దొంగ తుపాకులు పోవాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ శిక్ష పెంచినప్పుడు, పద్ధతిగా దరఖాస్తు పెట్టుకునే రైతుకి దారి కూడా చూపించాలి కదా. మీరేమంటారు?

ఆత్మకూరు మాస్టారు:
వద్దు తమ్ముడూ. నీ బాధ అబద్ధమని కాదు. పందులు వచ్చేది చీకట్లో. అదే చీకట్లో నీళ్లు మళ్లించడానికి పోయే మనిషి ఉంటాడు, గట్టు పక్కన కూర్చున్న మనిషి ఉంటాడు. కదిలిందల్లా పందే అనుకుని కాలిస్తే ఎవరిది పూచీ? పైగా మన పల్లెల్లో గట్టు తగాదాలు, పార్టీ తగాదాలు నీకు తెలియనివి కావు. పెళ్లిళ్లలో సరదాకి గాల్లోకి కాల్చి జనం ప్రాణాలు తీస్తున్నారనే, 2019 సవరణలో దానికి విడిగా రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పెట్టారు. లైసెన్సు ఉన్నవాళ్లందరూ జాగ్రత్తగా ఉంటే ఆ అవసరమే వచ్చేది కాదు.

కావలి:
మాస్టారూ, మా ఇంట్లో తాత నాటి తుపాకీ ఉంది. ఆయన కాలంలో చెరువుల మీద బాతుల వేటకి పోయేవాళ్లు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చి, 1991లో దాన్ని సవరించాక ఆ వేట ఆగింది, ఆగడం మంచిదే. 2019 ఆయుధాల చట్టం సవరణతో ఒక మనిషి దగ్గర ఉండదగ్గ తుపాకుల లెక్క మూడు నుంచి రెండుకు దిగింది. మొదటి బిల్లులో ఒకటే అన్నారు, గొడవ అయ్యాక రెండు చేశారు. దాంతో మాకేం నష్టం లేదు, లైసెన్సు గడువు కూడా మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచారు. ఇబ్బంది అంతా ఎన్నికలప్పుడే. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, పోలింగ్ మే 13న, లెక్కింపు జూన్ 4న. అన్నాళ్లూ తుపాకీ స్టేషన్లో అప్పజెప్పి రావాల్సి వచ్చింది. నాకైతే పంట లేదు, నడిచిపోయింది. ఎడగారు (రెండో పంట) వేసినవాడు, పంట కాపలాకని లైసెన్సు తెచ్చుకున్నవాడు ఏం చెయ్యాల?

రాపూరు నిమ్మతోట:
అన్నలారా, మీరందరూ తుపాకీ దగ్గరే ఆగిపోయారు. అసలు చిక్కు అది కాదు. లైసెన్సు ఇచ్చేది కలెక్టరు. కానీ లైసెన్సు చేతికొచ్చినంత మాత్రాన పందిని కాల్చకూడదు. దానికి అటవీ శాఖ అనుమతి వేరే కావాల. వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద, పలానా జంతువు మనుషులకో పంటకో ప్రమాదంగా మారిందని కారణం రాసి, రాష్ట్రంలో వన్యప్రాణుల పెద్ద అధికారి అయిన చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ ఉత్తర్వు ఇవ్వాలి. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతవరకు ఆ చట్టంలోని జంతువుల జాబితాల్లో మూడోదైన మూడో షెడ్యూల్లో ఉన్న అడవి పంది రెండో షెడ్యూల్లోకి మారింది. ఉత్తర్వు అవసరం మాత్రం అలాగే ఉంది. ఆ కాగితం వచ్చేదాకా పంది ఆగుతుందా?

ఇంకోటి వినండి. అదే చట్టం 34వ సెక్షన్ ప్రకారం, అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందుగా ఒప్పుకోకుండా కొత్త తుపాకీ లైసెన్సు ఇవ్వకూడదు. మా పక్కనే పెనుశిల నరసింహ అభయారణ్యం. పందులతో నిద్ర లేకుండా ఉండేది ఆ అంచు ఊళ్లే. నెల్లూరు టౌనులో ఉండేవాడికి లైసెన్సు దొరకడం తేలిక, కొండ కింద చేనున్నవాడికి కష్టం. చట్టం రాసినవాళ్లు వేటగాణ్ని దృష్టిలో పెట్టుకుని రాశారు, రైతు గుర్తుకు రాలేదు.

2022లో కేరళ ప్రభుత్వం పందుల విషయంలో ఆ అధికారాన్ని పంచాయతీల అధ్యక్షులకు, మునిసిపల్ పెద్దలకు ఇచ్చింది. అప్పటికే లైసెన్సున్న మనుషుల్ని ఎంచుకుని వాళ్ల చేత కాల్పిస్తారు. తుపాకులు పెరగవు, అనుమతి మాత్రం ఊరి దగ్గరికి వస్తుంది. మనకి కావాల్సింది అదీ.

దోర్నాల:
నల్లమల అంచున ఉండేవాడిగా చెప్తున్నా. మా దగ్గర ఉన్నది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అడవి. పులికీ చిరుతకీ పంది కూడా తిండే. పంట పేరు చెప్పి తుపాకీ పట్టినవాళ్లలో కొందరు దుప్పి కోసం, కణితి (సాంబారు జింక) కోసం లోపలికి పోతారు. మాంసం కొనేవాళ్లు ఉన్నన్నాళ్లూ ఇది ఆగదు. ఆ తర్వాత కేసు అయితే మొదట పోలీసులు అడిగేది చెంచు గూడెంలోనే. ఏ పాపం తెలియని వాళ్లు స్టేషన్ చుట్టూ తిరుగుతారు. ఆ టెన్షన్ మీకు తెలియదు. సోలార్ కంచెకి సబ్సిడీ, పంట పోయిన నెలలోపే పరిహారం. ఈ రెండూ గట్టిగా అడుగుదాం, తుపాకీ జోలికి పోవద్దు.

ఉదయగిరి మెట్ట రైతు:
దోర్నాల అన్నా, సోలార్ కంచె మంచిదే. అది ఆగి ఆగి షాక్ కొడుతుంది, ప్రాణం తియ్యదు. కౌలుకి చేసేవాడు ఎకరా చుట్టూ ఎక్కడ వేయిస్తాడు? భూమి తనది కాదు కాబట్టి సబ్సిడీ కాగితం కూడా కదలదు. అందుకే ఏం చేస్తున్నారో చెప్తా. మోకాలెత్తున పుల్లలు పాతి, సన్నటి బైండింగ్ తీగ లాగి, చీకటి పడ్డాక నేరుగా కరెంటు లైనుకి కొక్కెం తగిలిస్తున్నారు. తెల్లారకముందే తీసేస్తారు కాబట్టి ఎవరికీ కనపడదు. ఆ తీగకి పందీ మనిషీ తేడా ఉండదు. పక్క చేను రైతు మోటారు వెయ్యడానికి అడ్డదారిన వస్తే అక్కడే పడిపోతాడు. ప్రకాశంలో, నెల్లూరులో ఇలాంటి వార్తలు పేపర్లో మనం చదువుతూనే ఉన్నాం. మాస్టారూ, మీరు తుపాకీ ప్రమాదం అంటున్నారు. తుపాకీ పట్టినవాడు కళ్లు తెరిచి చూసి కాలుస్తాడు, పేరూ నంబరూ ఉంటాయి. తీగ వేసినవాడు ఇంట్లో నిద్రపోతుంటాడు.

ఆత్మకూరు మాస్టారు:
తీగ గురించి నువ్వు చెప్పింది నిజం. అట్లాంటి వాడిమీద మనిషి ప్రాణం తీసిన కేసే పెట్టాలి. రాపూరు తమ్ముడు చెప్పిన పద్ధతి అయితే ఆలోచిస్తా. మండలానికి శిక్షణ ఉన్న ఇద్దరు ముగ్గురు, పక్కన ఫారెస్ట్ మనిషి, ముందురోజే ఊళ్లో దండోరా. చచ్చిన పందిని అక్కడే పూడ్చాలి, ముక్క కూడా ఇంటికి పోకూడదు. ఇంటింటికీ తుపాకీ అంటే మాత్రం ఒప్పుకోను.

దోర్నాల:
మాంసం పూడ్చే షరతు పెడితే సగం మంది కాల్చడానికే రారు. అప్పుడు నిజంగా పంట కోసం వచ్చేది ఎవరో తేలిపోతుంది. అయినా అభయారణ్యం పక్క పది కిలోమీటర్లలో వద్దు, అక్కడ కంచె, పరిహారం మాత్రమే.

రాపూరు నిమ్మతోట:
ఆ పది కిలోమీటర్లలోనే కదన్నా మేమున్నది. అక్కడ వద్దంటే ఇంకెక్కడ చేస్తారు? పరిహారం మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నా, మీ వైపు ఎవరికైనా పంట నష్టం డబ్బులు అదే సీజన్లో చేతికొచ్చాయా? వచ్చుంటే ఏ కాగితాలు పెట్టారో, పంచనామా ఎవరు రాశారో ఇక్కడ పెట్టండి. నేను నా వైపు రైతులకి అవే చూపిస్తా. రాకపోతే, కేరళ పద్ధతి అడుగుతూ గ్రామసభలో తీర్మానం పెట్టిస్తా.