మా చెల్లె కౌన్సెలర్‌తో మాట్లాడనంటోంది, ఎలా ఒప్పించాలి?

మాది హనుమకొండ, ఎస్సీ కుటుంబం. చెల్లెకు 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. దసరా సెలవుల తర్వాత స్కాలర్‌షిప్ కోసం కులం సర్టిఫికెట్ ఇంకా తేని పిల్లల పేర్లు క్లాసులో అందరి ముందు చదివారట, ఆ రోజు నుంచి ఎప్పుడూ తనతో కలిసి తినే ఇద్దరు వేరే బెంచీకి వెళ్లిపోయారు. ఇప్పటికి ఏడు వారాలు. టిఫిన్ బాక్స్ వారంలో మూడు నాలుగు సార్లు పెట్టింది పెట్టినట్టే వస్తోంది, రాత్రి రెండింటి దాకా నిద్రపోదు, సోమవారం పొద్దున మాత్రం తప్పకుండా కడుపునొప్పి. రక్త పరీక్షలు, స్కానింగ్ చేయించాం, అన్నీ నార్మల్. చనిపోవాలని అనిపిస్తోందా అని నేరుగానే అడిగాను, లేదంది.

క్లాస్ టీచర్‌ను రెండుసార్లు కలిశాను, పిల్లలన్నాక అలాగే ఉంటారు, పట్టించుకోవద్దన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే నాతో ఓపికగా మాట్లాడారు, ఒకసారి పాపకు ఇవ్వమన్నారు, ఫోన్ చూడగానే అది గదిలోకెళ్లి తలుపేసుకుంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి పోదామంటే "నాకేమైనా పిచ్చా" అని ఏడ్చింది. బడి మారుద్దామని నాన్న అంటే, "అక్కడ కూడా సర్టిఫికెట్ అడుగుతారు కదా" అంది. మాకెవరికీ జవాబు రాలేదు.

అన్నలు, అక్కలు, మీ ఇంట్లో ఇలాంటిది దాటినవాళ్లుంటే చెప్పండి: అసలు నోరు విప్పని పిల్లను మొదటిసారి కౌన్సెలర్ దగ్గర కూర్చోబెట్టడానికి మీరు ఏం చెప్పి ఒప్పించారు?