డేవిస్ 1838 డ్రాయింగ్‌లో ఆ పెద్ద బురుజు ఎందుకు లేదు? (లిండ్‌హర్స్ట్, టారీటౌన్)

ప్రశ్న – బి.ఆర్క్ మూడో ఏడాది, విశాఖ

నమస్కారం అండీ. గోథిక్ రివైవల్ (మధ్యయుగపు గోథిక్ శైలిని మళ్లీ తెచ్చిన పద్ధతి) మీద సెమినార్‌కి లిండ్‌హర్స్ట్ ఇల్లు తీసుకున్నాను. న్యూయార్క్ రాష్ట్రంలో, హడ్సన్ నది ఒడ్డున టారీటౌన్‌లో ఉంది. ఆర్కిటెక్ట్ అలెగ్జాండర్ జాక్సన్ డేవిస్ 1838లో గీసిన డిజైన్‌ని ఇప్పటి ఫొటో పక్కన పెట్టి చూస్తే రెండూ వేరే ఇళ్లలా ఉన్నాయి. నాలుగంతస్తుల బురుజు డ్రాయింగ్‌లో అసలు లేదు. ఇల్లు కూడా సగమే ఉంది. నేను చూస్తున్నది సరైన షీటేనా? సోమవారం సబ్మిషన్, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1 – న్యూజెర్సీ నుంచి

సరైన షీటేనమ్మా. పోయిన అక్టోబర్‌లో మా అత్తగారినీ మామగారినీ తీసుకెళ్లాం. లోపల గోడ నిజంగా రాయే అనుకున్నాను. దగ్గరికెళ్తే ప్లాస్టర్ మీద రాతి కీళ్లతో సహా రంగు వేసి ఉంది. బయట మాత్రం అసలైన రాయే.

జవాబు 2 – పాత ఇళ్ల మరమ్మతు పని, హైదరాబాద్

డ్రాయింగూ తప్పు కాదు, ఫొటో కూడా తప్పు కాదు. మధ్యలో పాతికేళ్ల పైన గడిచాయి, అంతే. 1838లో డేవిస్ ఆ ఇల్లు గీసింది న్యూయార్క్ మాజీ మేయర్ విలియం పాల్డింగ్ కోసం. అప్పుడు దాని పేరు 'నోల్'. ఎగుడుదిగుడు కప్పులు, ఒకదానికొకటి పోలిక లేని పక్కలు చూసి జనం 'పాల్డింగ్ పిచ్చి' అన్నారట. 1864–65లో జార్జ్ మెరిట్ అనే వ్యాపారి కొత్త యజమాని. ఆయన మళ్లీ డేవిస్‌నే పిలిచి ఇంటిని దాదాపు రెట్టింపు చేయించాడు. ఉత్తరం వైపు భాగం, ఆ బురుజు అప్పటివే. తను గీసిన ఇంటిని తనే మళ్లీ పెంచే అవకాశం ఎంతమందికి వస్తుంది చెప్పండి!

మీరు ప్లాన్‌లో ముఖద్వారం దగ్గర ఆగండి. మొదట గుర్రపు బండి వచ్చి ఆగే పోర్టికో ఉండేది. మెరిట్ కాలంలో దాన్ని అద్దాలతో మూసి లోపలి గదిగా మార్చి, ముందు కొత్త పోర్టికో కట్టారు. పాత ఇల్లు ఎక్కడ ఆగిందో అక్కడ తెలుస్తుంది.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా: తేదీ చూడకుండా ఏ డ్రాయింగ్ మీదా ట్రేసింగ్ పెట్టకండి. నా మొదటి ఉద్యోగంలో ఓ పాత బంగళాకి యజమాని ఇచ్చిన షీట్ నమ్మి మెట్లు గీశాను. సైట్‌కి వెళ్లి టేపు పెడితే గోడ 14 అంగుళాలు ఇవతలకి ఉంది. ఆ షీట్ గీశాక ఎవరో గోడ జరిపారు. వారం రోజుల పని పోయింది. అప్పటినుంచి 'ఇలా కడదాం' అని గీసిన షీట్, 'ఇలా ఉంది' అని కొలిచిన షీట్ వేరువేరు ఫైళ్లలో పెడతాను.

అమెరికా పాత ఇళ్లకి కొలిచిన షీట్లు కావాలంటే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో హాబ్స్ (HABS, హిస్టారిక్ అమెరికన్ బిల్డింగ్స్ సర్వే) సేకరణ వెతకండి. 1933లో, ఆర్థిక మాంద్యంలో పనిలేని ఆర్కిటెక్టులకు పని చూపిస్తూ మొదలుపెట్టిన సర్వే అది. ఉచితంగా దించుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ సర్. 1838 భాగం నల్ల ఇంకుతో, 1865 భాగం ఎర్ర ఇంకుతో ఒకే ప్లాన్ మీద వేస్తున్నాను. పోర్టికో దగ్గర మీరు చెప్పింది కనిపించింది. ఇప్పుడు లోపల పడిన పాత పోర్టికో తోరణాల్ని నల్లగానే ఉంచి, వాటి మధ్య అద్దాలు మాత్రం ఎర్రగా వేస్తే సరిపోతుందా?

జవాబు 2

సరిపోతుంది. గీత మందం కూడా మార్చండి, జిరాక్స్ తీస్తే రంగు పోతుంది.