మొదటి రోజే సముద్రం దాటాలా? లండన్ నుంచి బయలుదేరే కోచ్ యాత్రలపై చర్చ

బాటసారి:
లండన్‌లో మొదలై నాలుగైదు దేశాలు చుట్టివచ్చే కోచ్ (దూరప్రయాణపు బస్సు) యాత్రల పట్టికల్లో మొదటి రోజు తరచుగా ఒకే తీరున కనిపిస్తుంది. ఉదయాన్నే ప్రయాణికులను ఎక్కించుకుని ఇంగ్లండ్ తీరంలోని డోవర్ రేవు చేరడం, ఫెర్రీ ఓడలో ఫ్రాన్స్ రేవైన కలే దాకా వెళ్లడం, సాయంత్రానికి పారిస్‌లోనో బ్రసెల్స్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో దిగడం. ఇది మొదటి రోజు పెట్టుకోవలసిన పని కాదని నా అభిప్రాయం. ఆ రోజు బయలుదేరే నగరంలోనే ఉండి, సాయంత్రం టూర్ మేనేజర్ అందరినీ సమావేశపరచి, మర్నాడు కోచ్ కదలడం మేలు. రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చినవారు, ఒకరికొకరు ముఖపరిచయమైనా లేనివారు, పాస్‌పోర్ట్ ఏ సంచిలో పెట్టారో తమకే గుర్తులేనివారు నలభైమంది కలిసి సరిహద్దు దగ్గరకు వెళ్తే, వారిలో అందరికన్నా నిదానమైన మనిషి కోసమే మిగిలినవారంతా ఆగవలసి వస్తుంది. పైగా ఫ్రాన్స్ గడియారం బ్రిటన్ గడియారానికి గంట ముందుంటుంది కాబట్టి, సుమారు గంటన్నర సాగే ఫెర్రీ ప్రయాణం దిగి చూసుకునేసరికి రెండున్నర గంటలు మింగేసి ఉంటుంది. దీనిపై మీరేమంటారు?

కిటికీ సీటు:
బాటసారి గారితో నేను ఏకీభవించలేను. "మొదటి రోజు: రాక, విశ్రాంతి" అని అచ్చువేసి, దాన్ని కూడా యాత్ర దినాల్లో కలిపి డబ్బు తీసుకోవడం ఈ వ్యాపారంలో ఉన్న అలవాటే. మధ్యాహ్నం గది తాళం చేతికిచ్చి సాయంత్రం అరగంట మాట్లాడితే, అది యాత్రలో ఒక రోజు ఎలా అవుతుంది? ఆ ప్రసంగంలోనూ సగం సేపు అదనపు విహారాల అమ్మకమే కదా! విశ్రాంతి కావలసినవారు ఒక రోజు ముందే వచ్చి ఉండవచ్చు. ఆ నగరంలోనే నివసిస్తున్నవారి చేత కూడా ఆ రాత్రి గది అద్దె కట్టించడం న్యాయం కాదు. పరిచయాలకు హోటల్ హాలు కూడా అక్కరలేదు. డోవర్ దాకా సుమారు రెండు గంటల దారి ఉంది, కోచ్‌లో మైకు ఉంది, వినేవారు ఎక్కడికీ లేచిపోలేరు.

స్టీరింగ్ పక్కన:
ఇద్దరూ ప్రయాణికుల వైపు నుంచే చూస్తున్నారు. డ్రైవర్ గంటల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఐరోపా సమాఖ్య 2006లో తెచ్చిన 561వ నంబరు నిబంధనల ప్రకారం నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తీసుకోవాలి. రోజుకు 9 గంటలకు మించి నడపకూడదు, వారంలో రెండుసార్లు మాత్రం 10 గంటల దాకా నడపవచ్చు. 2024 నాటి సవరణ తర్వాత విహారయాత్రల డ్రైవర్లు ఆ 45 నిమిషాల విరామాన్ని, ఒక్కోటి పావుగంటకు తగ్గకుండా, రెండు భాగాలుగా తీసుకునే వీలు కలిగింది. ఇక్కడి దాకా చాలామందికి తెలిసిందే. పట్టికలను నిజంగా తలకిందులు చేసేది మాత్రం రోజువారీ విశ్రాంతి నియమం.

డ్రైవర్ పని మొదలుపెట్టిన క్షణం నుంచి 24 గంటలు తిరిగేలోపు అతనికి మామూలుగా 11 గంటల ఎడతెగని విశ్రాంతి పూర్తికావాలి. రెండు వారపు విశ్రాంతుల నడుమ మూడుసార్లకు మించకుండా దాన్ని 9 గంటలకు తగ్గించుకోవచ్చు. అంటే ఉదయం 7 గంటలకు పని ఎక్కిన మనిషి రాత్రి 8కి, తగ్గింపు వాడుకుంటే 10కి, దిగిపోవాలి. డోవర్ దగ్గర నిలబడిపోయిన రెండు గంటలు నడిపిన గంటల్లోకి రాకపోయినా ఈ లెక్కలోకి వస్తాయి. రాత్రి పదింటికి హోటల్ చేరామంటే మొదటి రోజే ఒక తగ్గింపు ఖర్చయిందన్నమాట. ఆ డ్రైవరే కొనసాగే పక్షంలో మర్నాడు ఏడు లోపు కోచ్ కదలదు. ఇదంతా డ్రైవర్ నడిపిన, ఆగిన వేళలను రాసుకునే టాకోగ్రాఫ్‌లో నమోదవుతుంది, దాని దగ్గర బతిమాలడాలు చెల్లవు. ఇద్దరు డ్రైవర్లుంటే లెక్క వేరు గానీ, ఆ ఖర్చు భరించే యాత్రలు తక్కువ.

బాటసారి:
ఆ రెండు గంటలు ఎందుకు పోతాయో కూడా చెప్పుకోవాలి. బ్రిటన్, ఫ్రాన్స్ చేసుకున్న 2003 నాటి లె తుకే ఒప్పందం వల్ల ఫ్రెంచి అధికారులు డోవర్‌లోనే, ఫెర్రీ ఎక్కకముందే, పాస్‌పోర్ట్‌లు చూస్తారు. 2025 అక్టోబరు 12న మొదలై దశలవారీగా అమలులోకి వచ్చిన కొత్త ప్రవేశ-నిష్క్రమణ విధానంలో, ఐరోపా సమాఖ్యకు చెందని ప్రయాణికులు మొదటిసారి వచ్చినప్పుడు ముఖచిత్రం, వీసా అక్కరలేనివారైతే వేలిముద్రలు కూడా ఇవ్వాలి. వీసాల చిక్కు ఇంకొకటి. ఒకే ప్రవేశానికి చెల్లే షెంగెన్ వీసాతో (బ్రిటన్ చేరని చాలా ఐరోపా దేశాలకు ఉమ్మడిగా చెల్లేది) ముందు పారిస్‌లో బంధువులను చూసి, ఆ తర్వాత లండన్ వచ్చి కోచ్ ఎక్కిన మనిషి ఉన్నాడనుకోండి. ఆ వీసా అప్పటికే వాడుకున్నట్టే. డోవర్‌లో అతన్ని ఆపేస్తారు. అక్కడ టూర్ మేనేజర్ అతన్ని ఒంటరిగా వదిలివెళ్లాలి, లేదా అందరినీ నిలబెట్టాలి. ముందు రోజు సాయంత్రం ప్రతి పాస్‌పోర్ట్‌నూ తెరిచి చూసి ఉంటే ఆ సంగతి హోటల్లోనే తేలేది, అతనికి వేరే దారి వెతుక్కునే వ్యవధి ఉండేది. కిటికీ సీటు గారు చెప్పిన మైకుతో వీసాలు చూడలేం. గది అద్దె విషయంలో ఆయన మాట సబబే. ఆ రాత్రిని విడిగా, ఐచ్ఛికంగా అమ్మాలి.

కిటికీ సీటు:
మీరు చెప్పిన కష్టం డోవర్‌ది, మొదటి రోజుది కాదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో బయలుదేరి బ్రసెల్స్ చేరే యాత్రలో దూరం దాదాపు 200 కిలోమీటర్లే. రెండూ షెంగెన్ ప్రాంతంలోనివే కాబట్టి మామూలుగా దారిలో పాస్‌పోర్ట్ చూపే పని ఉండదు. మీ సూత్రం పాటిస్తే అక్కడ కూడా ఒక పూట ఊరికే పోతుంది. ఇంకో ప్రశ్న: రెండో రోజు వెళ్తే డోవర్‌లో వరుస పొట్టిదవుతుందా?

స్టీరింగ్ పక్కన:
వరుస పొట్టిది కాదు. మనం అక్కడికి చేరే వేళ మారుతుంది. షెంగెన్ లోపలా పూర్తి ధీమా పనికిరాదు. జర్మనీ 2024 సెప్టెంబరులో తన భూసరిహద్దులన్నిటా తాత్కాలిక తనిఖీలు మొదలుపెట్టింది, అదే ఏడాది డిసెంబరులో నెదర్లాండ్స్ కూడా ఆ పని చేసింది. అయినా డోవర్‌కూ దానికీ పోలిక లేదు గనుక, ఆమ్‌స్టర్‌డామ్ విషయంలో కిటికీ సీటు గారితోనే ఉంటాను.

లండన్ విషయంలో మాత్రం బాటసారి గారి పక్షమే. మూడునాలుగు చోట్ల ఆగి మనుషులను ఎక్కించుకునే ఉదయానికీ, అందరూ ఒకే హోటల్లో నిద్రలేచే ఉదయానికీ నడుమ గంటకు పైగా తేడా వస్తుంది. డబ్బు కట్టేముందు నిర్వాహకులను ఒక్క మాట అడగండి: డోవర్‌లో ఏ వేళ ఫెర్రీకి టికెట్లు తీశారు? ఉదయం తొమ్మిదిదైతే, ముందు రాత్రి అందరూ ఒకచోట ఉంటారా అని కూడా అడగాలి. లేకపోతే ఆ వేళ కాగితం మీదనే ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండుదైతే కలేలో దిగేసరికి అక్కడి గడియారంలో రెండున్నర అవుతుంది. అక్కడి నుంచి బ్రసెల్స్ పరవాలేదు. అదే రాత్రికి ఆమ్‌స్టర్‌డామ్ అని పట్టికలో ఉంటే, భోజనం ఎన్నింటికి పెడతారో కూడా అప్పుడే తేల్చుకోండి.