స్లాబ్‌ని కింద నుంచి మోసే జాకీలు ముందే విప్పమంటున్నారు, సంతకం నాది. ఏమైనా అయితే ఎవరి మీదకి?

ప్రశ్న:
అన్నలూ, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ సైట్‌కి ప్రాజెక్ట్ మేనేజర్‌ని. మూడో ఫ్లోర్ స్లాబ్ వేసి 9 రోజులే, ఒక స్పాన్ (ఆధారాల మధ్య దూరం) 5 మీటర్ల పైనే ఉంది, బిల్డర్ ఏమో సామాను పైకి కావాలి జాకీలు తీసెయ్ అంటున్నాడు, అదీ నోటి మాటగానే, చెక్‌లిస్ట్ మీద సంతకం మాత్రం నాది. రాత్రి నిద్ర పట్టట్లేదు.

రిప్లై 1:
తమ్ముడూ, సంతకం పెట్టకు. కాంక్రీట్ పనుల భారత ప్రమాణం ఐఎస్ 456లో స్పాన్ 4.5 మీటర్లు దాటిన స్లాబ్‌కి జాకీలు 14 రోజులు ఉండాలని ఉంది, అదీ మామూలు ఓపీసీ (ఆర్డినరీ పోర్ట్‌లాండ్) సిమెంట్‌కి, ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలిపినదైతే ఇంకా ఆగాలి. కింద లేబర్ పిల్లలు ఆడుకుంటుంటారు కదా. మనిషి పోతే భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) సెక్షన్ 106, అంటే నిర్లక్ష్యం వల్ల మరణం కింద 5 ఏళ్ల దాకా జైలు పడొచ్చు, జీతానికి చేశానంటే వదలరు. ఈరోజే మెయిల్ పెట్టి స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని సీసీలో పెట్టు.

రిప్లై 2:
మా సైట్‌లో బాల్కనీ కిందికి వంగినప్పుడు అందరూ నా వైపే చూశారు. "ఇప్పుడు విప్పొద్దు" అని సైట్ రిజిస్టర్‌లో తేదీ, టైమ్‌తో రాసి మేస్త్రీతో సంతకం పెట్టించుకున్నా, ఆ ఒక్క పేజీయే నన్ను కాపాడింది. వాట్సాప్ మెసేజ్‌లు కూడా డిలీట్ చెయ్యకు బ్రో.

రిప్లై 3:
ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ (వృత్తిలో జరిగిన తప్పులకి బీమా) పాలసీ తీసుకోండి, కానీ అది నష్టపరిహారానికీ లాయర్ ఖర్చుకే, జైలు శిక్షని ఆపదు. ఎక్కువగా క్లెయిమ్ వచ్చిన రోజున పాలసీ నడుస్తుండాలి, ఉద్యోగం మానేశాక ఆపేస్తే పాత సైట్ కేసుకి పనికిరాదు. రెరా (రియల్ ఎస్టేట్ చట్టం)లో స్ట్రక్చర్ లోపాలకి 5 ఏళ్లు బిల్డర్‌దే బాధ్యత, కాకపోతే మీ అగ్రిమెంట్‌లో ఇండెమ్నిటీ క్లాజ్ (నష్టం మీరు భరించాలనే షరతు) ఉంటే ఆయన తిరిగి మీ మీదకి రావచ్చు, అది చదవండి.

ప్రశ్న వేసినవారు:
మెయిల్ పెట్టేశా అన్నా. జాకీలు అలాగే ఉన్నాయి.