బైపీసీ తర్వాత ఇంటీరియర్ డిజైన్ డిగ్రీ: ఎక్కడ చేరాలి, ఏం చూసుకోవాలి?

ప్రశ్న (తణుకు నుంచి, ఇంటర్ విద్యార్థిని)

అందరికీ నమస్కారం. ఇంటర్ రెండో ఏడాది బైపీసీలోకి వచ్చాను. మా నాన్న వడ్రంగి, చిన్న వర్క్‌షాపు ఉంది. నాకు ఇంటీరియర్ డిజైన్‌లో డిగ్రీ చేయాలని ఉంది. మావయ్య ఏమో ఆర్కిటెక్చర్ చేస్తే రెండు పనులూ చేసుకోవచ్చు అంటున్నారు. నాన్న ఏమో ఈ పనికి నాలుగేళ్ల చదువు దేనికి, ఆర్నెల్ల కోర్సు చేసి తన దగ్గరే పని నేర్చుకోమంటున్నారు. ఈలోగా ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఫోన్ చేసి, క్లాసులు ఇక్కడే, బీఎస్సీ డిగ్రీ మాత్రం వేరే రాష్ట్రంలోని యూనివర్సిటీ ఇస్తుంది, సీటు ఆపాలంటే సగం ఫీజు ఇప్పుడే కట్టండి అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (హైదరాబాద్ నుంచి, ఇంటీరియర్ డిజైనర్)

చెల్లీ, అన్నిటికంటే ముందు ఒక మాట. ఆ డబ్బు కట్టొద్దు. ఒక రాష్ట్రం చట్టంతో ఏర్పడిన యూనివర్సిటీ తన రాష్ట్రం దాటి ఇలా స్టడీ సెంటర్లు పెట్టి డిగ్రీలు ఇవ్వకూడదు. యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ దీనిమీద ఎన్నోసార్లు హెచ్చరికలు ఇచ్చింది. ఇన్‌స్టిట్యూట్ వాళ్లను ఒకే ఒక్కటి అడుగు: మీ కాలేజీకి ఏ యూనివర్సిటీ అఫిలియేషన్ ఉంది, ఆ ఉత్తర్వు కాపీ చూపిస్తారా? చూపించకపోతే అక్కడితో వదిలెయ్. యూనివర్సిటీ పేరు యూజీసీ జాబితాలో ఉన్నంత మాత్రాన సరిపోదు, నువ్వు కూర్చునే ఆ భవనానికి దానితో సంబంధం ఉండాలి. డిప్లొమాను డిప్లొమా అని చెప్పి అమ్మితే తప్పులేదు. డిగ్రీ అని చెప్పి అమ్మడం పిల్లల జీవితాలతో ఆడుకోవడమే. నాకు నిజంగా కోపం వచ్చే విషయం ఇది.

ఇక మావయ్య గారి మాట. ఆర్కిటెక్చర్ డిగ్రీ బీఆర్క్ ఐదేళ్లు, దానికి నాటా అనే ప్రవేశ పరీక్ష గానీ జేఈఈ పేపర్ 2 గానీ రాయాలి, ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి. బైపీసీతో ఆ దారి లేదు కాబట్టి దాని గురించి బాధపడి లాభం లేదు. తేడా మాత్రం తెలుసుకో. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయినవాళ్లే ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోవాలి. ఇంటీరియర్ డిజైనర్లకు అలాంటి చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు. ట్రిపుల్ ఐడీ అనే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ ఇంటీరియర్ డిజైనర్స్ కూడా 1972లోనే మొదలైంది కానీ అది వృత్తి సంఘం, సభ్యత్వం మన ఇష్టం. లైసెన్సు లేదు కదా అని ఎవరుపడితే వాళ్లు బోర్డు పెట్టేస్తున్నారు. అందుకే ఇక్కడ నీ పనితనమే నీ గుర్తింపు.

నాన్నగారి మాట దగ్గరే అసలు విషయం ఉంది. ఆర్నెల్ల కోర్సులో ఎక్కువగా నేర్పేది సాఫ్ట్‌వేర్. కంప్యూటర్‌లో అందమైన గది బొమ్మ తయారవుతుంది, కస్టమర్ మురిసిపోతాడు. ఆ బొమ్మ పట్టుకుని మీ నాన్నగారి లాంటి మేస్త్రీ దగ్గరికి వెళ్తే, ఆయన అడిగే మొదటి ప్రశ్నకే జవాబు ఉండదు. వార్డ్‌రోబ్ లోతు ఎంత? హ్యాంగరు అడ్డంగా పట్టాలంటే లోపల 22 అంగుళాలైనా కావాలి, జారుడు తలుపులైతే వాటి మందానికి ఇంకా చోటు వదలాలి. ప్లైవుడ్ షీటు వచ్చేది 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పులో. దాన్ని ఎలా కోస్తే వృథా తగ్గుతుంది, రంపం తినేసే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కడ కలపాలి? సింకు కింద నీటిని బాగా తట్టుకునే ఐఎస్ 710 మెరైన్ ప్లై వాడాలా, మామూలు ఐఎస్ 303 ప్లై చాలా? ఇవి గీసి చూపగలిగినవాడే డిజైనర్. ఇందులో సగం నీకు ఇంట్లోనే వస్తుంది. దాన్ని తక్కువ చేసుకోకు.

మిగతా సగం కోసమే డిగ్రీ. ఉదాహరణకు వంటగది తీసుకో. మన దగ్గర గట్టు ఎత్తు సుమారు 34 అంగుళాలు పెట్టేస్తారు. వంట చేసే మనిషి ఎత్తు ఐదడుగుల లోపు ఉంటే భుజాలు పైకెత్తి తరగాల్సి వస్తుంది, సాయంత్రానికి మెడ నొప్పి. లైటు గది మధ్యలో సీలింగుకి ఉంటే, మనిషి నీడ సరిగ్గా కూరలు తరిగే చోటే పడుతుంది. శరీర కొలతలు, వెలుతురు, గాలి, శబ్దం, నిప్పు భద్రత, ఇవన్నీ స్టూడియోలో, అంటే చేసి నేర్చుకునే క్లాసులో, ఒక్కో ప్రాజెక్టుగా చేయిస్తారు. ఇళ్లే కాదు, క్లినిక్కులు, లైబ్రరీలు, ఆఫీసులు కూడా. క్లినిక్ ముందు ర్యాంపు వాలు 1:12 (అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు) కంటే నిటారుగా ఉండకూడదని తెలియకపోతే, వీల్‌చైర్‌లో వచ్చే పేషెంటు గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. ఆర్నెల్లలో ఇవి వంటబట్టవు.

జవాబు (అహ్మదాబాద్ నుంచి, డిజైన్ విద్యార్థి)

మాది అనకాపల్లి, ఇక్కడ చదువుతున్నాను. అక్క చెప్పినదానికి పరీక్షల సంగతి కలుపుతాను. ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) అహ్మదాబాద్‌లో బీడిజైన్ అనే డిజైన్ డిగ్రీలో ఫర్నిచర్ అండ్ ఇంటీరియర్ డిజైన్ ఉంది. ఏ గ్రూపు వాళ్లైనా రాయొచ్చు. దాని ప్రవేశ పరీక్ష డ్యాట్: ముందు ప్రిలిమ్స్, తర్వాత మెయిన్స్. మెయిన్స్‌లో చేతికి సామాను ఇచ్చి ఏదైనా తయారుచేయమంటారు, వడ్రంగం చూస్తూ పెరిగిన నీకు అది కలిసొస్తుంది. దరఖాస్తులు ఇంటర్ రెండో ఏడాది మధ్యలోనే తీసుకుంటారు. ఫలితాలు వచ్చాక చూద్దాం అనుకుంటే ఏడాది పోయినట్టే. సెప్ట్ యూనివర్సిటీ కూడా అహ్మదాబాద్‌లోనే, అక్కడ 1991 నుంచి ఇంటీరియర్ డిజైన్ చెబుతున్నారు. ఐఐటీల బీడిజైన్‌కి యూసీడ్ అనే పరీక్ష రాయాలి. ఐఐటీ హైదరాబాద్‌లోనూ బీడిజైన్ ఉంది, కానీ ఇంటీరియర్ అనే డిగ్రీ కాదు. ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఇంటీరియర్ లేదు, పేరు చూసి పొరపడొద్దు.

హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ప్రభుత్వ యూనివర్సిటీ, అక్కడ బీడిజైన్ ఇంటీరియర్ ఉంది. నువ్వు ఆంధ్రా విద్యార్థినివి కాబట్టి నోటిఫికేషన్‌లో లోకల్, నాన్‌లోకల్ భాగం జాగ్రత్తగా చదువు. ఎందుకంటే, రెండు రాష్ట్రాల విద్యార్థులకూ విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్‌తో ముగిసింది.

ఖర్చు విషయంలో, ఫీజుతో పాటు మోడళ్లకు బోర్డులు, ప్రింట్లు, సైట్ టూర్లు కూడా లెక్కేసుకో. లాప్‌టాప్ మొదటి రోజే కొనొద్దు. మొదటి ఏడాది ఎక్కువగా చేత్తోనే గీయిస్తారు. ఆటోక్యాడ్, రెవిట్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లను విద్యార్థులకు ఆటోడెస్క్ కంపెనీ ఉచితంగానే ఇస్తుంది, ఏటా రెన్యూవల్ చేసుకోవాలి. 3డీ బొమ్మలు చేసే బ్లెండర్ అందరికీ ఉచితమే.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

చాలా థాంక్స్ అక్కా, అన్నయ్యా. ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్లను అఫిలియేషన్ కాపీ అడిగితే, ఆఫీసుకు వస్తే చూపిస్తాం అంటున్నారు, వాట్సాప్‌లో పంపనన్నారు. నాన్నకు మీ జవాబు చదివి వినిపించాను. వార్డ్‌రోబ్ లోతు దగ్గర తల ఊపారు. ఇంకో రెండు సందేహాలు. నాకు బొమ్మలు అంత బాగా రావు, పర్లేదా? దగ్గర్లోని ప్రైవేటు కాలేజీ చూడ్డానికి వెళ్తే ఏం గమనించాలి?

జవాబు (హైదరాబాద్ నుంచి, ఇంటీరియర్ డిజైనర్)

పెయింటింగ్ వేయగలగాలని ఎవరూ అడగరు. చూసినదాన్ని కొలతకు దగ్గరగా గీయగలిగితే చాలు, అది సాధనతో వస్తుంది. రోజూ ఒక వస్తువు గియ్యి: స్టూలు, తలుపు గడియ, నాన్నగారి చిత్రిక.

కాలేజీకి వెళ్తే రిసెప్షన్ గోడ మీది ఫొటోలు చూడొద్దు. చివరి ఏడాది వాళ్ల డ్రాయింగులు చూపించమను. అందులో సెక్షన్లు (నిలువుగా కోసి లోపల చూపే బొమ్మలు), జాయింట్ల వివరాలు, కొలతలు ఉన్నాయా, లేక రంగుల బొమ్మలే ఉన్నాయా చూడు. చెక్క పని, వెల్డింగ్ చేసుకునే వర్క్‌షాపు ఉందా, దాని తాళం పగలు తీసి ఉంటుందా? పాఠం చెప్పేవాళ్లు బయట ప్రాజెక్టులు చేస్తున్నవాళ్లేనా? విద్యార్థుల పని చూసి మార్కులు వేసే జ్యూరీకి బయటి డిజైనర్లు వస్తారా? సీనియర్లు ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేశారో వాళ్లనే అడుగు. వీలైతే ప్రిన్సిపాల్ గదిలో కాదు, క్యాంటీన్‌లో అడుగు.

ఈ లోపు ఒక పని చెయ్. మీ వంటగదిని 1:20 స్కేలులో (అసలు కొలతలో ఇరవయ్యో వంతుగా) గియ్యి. ప్లాను (పైనుంచి చూసినట్టు), నాలుగు గోడల ఎలివేషన్లు (ఎదురుగా నిలబడి చూసినట్టు), ఒక సెక్షన్. గోడకూ గోడకూ మధ్య దూరం నేల దగ్గర ఒకసారి, గట్టు ఎత్తులో ఒకసారి, పైన ఒకసారి కొలువు. మూడూ సమానంగా రావడం అరుదు. గట్టు బిగించడానికి వాటిలో ఏ కొలత తీసుకోవాలో నాన్నగారిని అడిగి, ఆయన చెప్పింది డ్రాయింగ్ పక్కనే రాసి ఇక్కడ పెట్టు, చూసి చెబుతాను.